తోక లేని సొలెయా

కిందటివారం మనం ఆంపారో నాట్యశాల తలుపుకు గడియ పడ్డచోట ఆగాం. ఉత్తరాన సముద్రం ఒడ్డు నుంచి మూడు రైళ్ళు మారి దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ వచ్చిన నెరేయా అనే పిల్ల, "నీకేమొచ్చో ముందు అది చూపించు" అని ఆంపారో అనగానే, బూట్ల పట్టీ బిగించుకుని సొలెయా మొదలుపెట్టింది. ఫ్లమెంకో ఆటలన్నిటికీ సొలెయా అమ్మలాంటిదంటారు. పన్నెండు దెబ్బల తాళం, ఒంటరి మనిషి గోడు. పిల్ల బాగానే ఆడుతోంది. ఆడుతూ ఆడుతూ, ఆంపారో దగ్గర నేర్చే పిల్లలంతా ఎడమకు తిరిగేచోట కుడికి తిరిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుందని మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆంపారో నవ్వలేదు. తాళం వేస్తున్న ఆమె చప్పట్లు ఆగిపోయాయి. "ఇవాళ్టికి చాలు, ఇళ్ళకు పొండి" అని అందరినీ తరిమేసి, నెరేయాను మాత్రం ఉండమని లోపల గడియ పెట్టింది.

ఇప్పుడు ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. గడియ మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డ ఆంపారో. గది మధ్య చెమట తుడుచుకుంటున్న నెరేయా. మూల నులక కుర్చీలో అనిసెతో. ఈ ముసలాయన ఆంపారో తల్లి ఆడిన రోజుల్లో ఆమె వెనక పాడాడు, తరవాత ఇరవై ఏళ్ళకు పైగా ఆంపారో వెనక పాడాడు. "పొండి" అని ఎవరు అరిచినా అది తనకు కాదని ఆయన లెక్క.

"ఎవరు నేర్పారు నీకు?" అంది ఆంపారో.

"మా ఊళ్ళో ఒకావిడ."

"ఆవిడకి పేరుండదా?"

"చెప్పనని మాటిచ్చాను టీచర్‌గారూ."

"విన్నావా బాబాయ్? మాటిచ్చిందట! మా అమ్మ ఆట తెచ్చి, నా గదిలో, నా కళ్ళముందు ఆడుతుందట. ఎవరిచ్చారే అంటే మాటిచ్చానంటుందట!"

"కేకలెయ్యకే," అన్నాడు అనిసెతో. "పిల్ల తలుపు వంక చూస్తోంది. ఆ వయసులో మీ అమ్మ ఒక్క కేకేస్తే నువ్వు పావడా తడుపుకునేదానివి."

"నేనా?"

"కాదు, నేను."

నెరేయాకు నవ్వొచ్చింది కానీ మింగేసింది. ఆంపారో వచ్చి ఆ పిల్ల ఎదురుగా నిలబడింది. యాభై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళు పాడై తొమ్మిదేళ్ళయింది గాని, నడుము ఇంకా వంగలేదు. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"పేరొద్దులే. ఏం చేస్తుంటుంది ఆవిడ?"

"చేపల ఫ్యాక్టరీలో పని. ఉప్పులో ఊరిన నెత్తళ్ళకు ముల్లు తీసి డబ్బాల్లో సర్దుతుంది. శనివారం మధ్యాహ్నాలు చర్చి పక్క హాల్లో పిల్లలకి ఆట నేర్పుతుంది. మా అమ్మావాళ్ళూ ఇటునుంచి పనికోసం ఉత్తరాదికి పోయినవాళ్ళే. అలాంటి ఇళ్ళ పిల్లలమే అందరం."

"ఆడేటప్పుడు చేతులెలా పెడుతుంది?"

నెరేయా ఒక్కక్షణం ఆలోచించింది. "పెట్టదు. నడుం మీద పెట్టుకుంటుంది, లేకపోతే పావడా పట్టుకుంటుంది. చేతులెలా అనడిగితే, 'కాళ్ళూ పావడా తోకా నావి, చేతులు నాకివ్వలేదు, నాకు రానిది నేను నేర్పను' అంటుంది. ఆరేళ్ళు అడిగాను, ఒకటే జవాబు."

అనిసెతో తలమీద టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆంపారో పక్కనున్న బల్ల కోసం చేత్తో తడుముకుని, దొరికాక, దానిమీద కూలబడింది. పేరు చెప్పనక్కర్లేకపోయింది. చేతులు తెలియకుండా ఆ సొలెయా తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆంపారో నోటితో పలకనిదీ, ఒక్కరోజు కూడా తలుచుకోకుండా ఉండలేనిదీ ఆ పేరే. త్రిని. చెల్లెలు.

ఇన్ని వారాలుగా నేను మీకు చెప్పకుండా కడుపులో దాచుకుంటూ వచ్చిన సంగతి ఇక చెప్పక తప్పదు.

హెరెస్‌లోని శాంతియాగో పేటలో వాళ్ళుండే లోగిలి నాలుగు కుటుంబాలది. నడుమ చిన్న వాకిలి, బావి, గోడ పొడుగునా పూలకుండీలు, ఓ మూల అందరి బొగ్గుల కుంపట్లూ. తల్లి ఫిలొమెనాకు ఒకటే తోక పావడా ఉండేది. వెనక రెండు గజాల బట్ట నేలమీద పడి ఈడ్చుకొచ్చే పావడా అది. కాలి మడమతో ఆ తోకను ఎగరేసి తిప్పడమే ఆ ఆటలో అసలు విద్య. అద్దమా, వాళ్ళింట్లో మొహం చూసుకోవడానికే చిన్న ముక్క ఉండేది. అందుకని పెద్దది ఆంపారోను ఎదురుగా నిలబెట్టి నేర్పేది తల్లి. ఆమె కుడికి తిరిగితే ఎదురుగా ఉన్న పిల్ల ఎడమకు తిరిగేది. ఆమె కుడిచెయ్యి లేపితే పిల్ల ఎడమచెయ్యి లేపేది. అలాగే, అటుదిటుగా, ఆట వచ్చేసింది. ఏడేళ్ళ చిన్నది త్రినికి వెనక పని. పావడా తోక కుంపట్లోనో కుండీల మీదో పడకుండా చూసుకుంటూ, తల్లి తిరిగినప్పుడల్లా అదీ తిరిగేది. దాన్ని ఎవరూ నేర్చుకోమనలేదు. వెనక నిలబడి తల్లి మడమలు చూస్తూ, తోకతోపాటు తిరుగుతూ అది నేర్చేసుకుంది.

ఒకే తల్లి ఆట. ముందు సగం ఒకదానికి, వెనక సగం ఒకదానికి వచ్చింది.

తల్లి పోయినప్పుడు ఆంపారోకు ఇరవై నాలుగు, త్రినికి పదిహేడు. చావింట్లో ఏడాదిపాటు నల్లబట్టలే. రేడియో మీద దుప్పటి కప్పేస్తారు. కూనిరాగం తీసినా పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. అలాంటిది తొమ్మిదోనాటికి, ఆంపారో చర్చినుంచి ఇంటికొచ్చేసరికి, త్రిని వాకిట్లో తల్లి తోక పావడా కట్టుకుని ఆడుతోంది. నాలుగిళ్ళవాళ్ళూ గుమ్మాల్లో నిలబడి బుగ్గలు నొక్కుకుంటున్నారు. వీధి తలుపు దగ్గర అనిసెతో టోపీ చేత్తో పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆంపారోకు కళ్ళు కనిపించలేదు. "ఒక్కమాట విను అక్కా, ఒక్కమాట" అని చెల్లెలు అంటూనే ఉంది. ఆంపారో వినలేదు. గోడకు తగిలించిన పెద్ద కత్తెర తీసి, చెల్లెలి ఒంటిమీద ఉండగానే, ఆ తోకను మోకాలి దగ్గర కరకరా కత్తిరించేసింది. త్రిని ఏడవలేదు. మిగిలిన పావడా విప్పి బావిగట్టు మీద పెట్టి, తెగిన తోకను చుట్టుకుని చంకలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నకి ఇంట్లో లేదు.

తరవాత ఆంపారో మాడ్రిడ్ వెళ్ళింది. పేరొచ్చింది. ప్యారిస్‌లో, బ్రస్సెల్స్‌లో ఆడింది. ఆమె చేతుల గురించి పత్రికలవాళ్ళు రాసిందే రాశారు. కానీ ఎక్కడ ఆడినా పొట్టి పావడాలోనే ఆడింది. "మా ఇంటి సొలెయాకు తోక ఉండదు" అని చెప్పింది. ఊరు నమ్మింది. తిరిగొచ్చి పాఠాలు మొదలుపెట్టాక పిల్లలూ నమ్మారు. పెద్ద అద్దం పెట్టించి, పిల్లలకు వీపు పెట్టి నేర్పేది కాబట్టి, వాళ్ళంతా ఆమెలాగే ఎడమకు తిరగడం నేర్చారు. అది తప్పు వైపని ఎరిగినవాళ్ళు ఇద్దరే, ఆమే, అనిసెతో. తోక ఎలా తిప్పాలో తనకు తెలియదని ఆంపారో ఎవరితోనూ అనలేదు. ఎదురుగా నిలబడ్డదానికి తల్లి మడమలు ఎలా కనిపిస్తాయి?

ఇక మళ్ళీ గదిలోకి వద్దాం.

"నిన్ను పంపిందా అది?" అంది ఆంపారో. ఆ మాటలో ఎంత ఆశ ఉందో అనిసెతోకు వినిపించి, కళ్ళు దించుకున్నాడు.

"లేదు టీచర్‌గారూ. ఎక్కడికన్నా పో గాని హెరెస్ మాత్రం పోకు అంది. అలా అంది కాబట్టే, చేతులు ఇక్కడున్నాయని తెలిసింది. నేను మాడ్రిడ్‌లో ఉన్నాననుకుంటోంది." నెరేయా బూటు ముక్కుతో నేల రాసింది. "నాకు చేతులు నేర్పండి. అందుకోసమే వచ్చాను."

ఆంపారో మొహం మళ్ళీ బిగుసుకుంది. "వెళ్ళవే. వెళ్ళి దాన్నే అడుగు. అంత పెద్ద టీచరమ్మ కదా. ఆ నెత్తళ్ళ డబ్బాల్లో వెతుక్కోమను, దొరుకుతాయేమో!"

"అయ్యో, ఎంత ముద్దుగా మాట్లాడుతోందో," అన్నాడు అనిసెతో.

"నువ్వు నోరు మూసుకో బాబాయ్."

"నోరు మూసుకునే వృత్తి కాదే నాది."

అని, గిటారు లేకుండానే, కుర్చీ చెయ్యి మీద మెటికలతో తాళం వేస్తూ అందుకున్నాడు. గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. సొలెయాకు అదే బాగుంటుందని ఆ పేటలో అంటారు.

*గుమ్మం ముందు నీళ్ళు జల్లి పోయాను*
*నా అడుగు నీకు దొరక్కూడదని.*
*ఎండెక్కింది, నీళ్ళు ఆరిపోయాయి,*
*అడుగు మాత్రం అక్కడే ఉంది.*

ఈ చరణం ఎవరికోసం ఎంచాడో ఆంపారోకు అర్థమైంది. ఆమె లేచి అద్దానికి అడ్డంగా పరదా లాగేసింది. ఆ గదిలో అద్దానికి పరదా పడటం నెరేయా చూడ్డం సరే, అనిసెతో కూడా అదే మొదటిసారి చూడ్డం.

"నా ఎదురుగా నిలబడు," అంది. "సంచిలో తోక పావడా ఉందా? కట్టుకో. ఏంటలా చూస్తావ్, నేర్పమన్నావా లేదా?"

నెరేయా కట్టుకుంది. సాధన కోసం కుట్టుకున్న నేత గుడ్డ పావడా. తోక మాసిపోయి బూడిదరంగులో ఉంది. ఇద్దరూ రెండడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడ్డారు. అనిసెతో పాడాడు. ఆంపారో చేతులు లేపింది. మోకాళ్ళు కదలవు కాబట్టి చేతులే ఆడాయి. భుజం దగ్గర పుట్టి, మోచెయ్యి దాటి, మణికట్టు దగ్గర తిరిగి, వేళ్ళలో విచ్చుకునే చేతులవి. నెరేయా ఆ చేతుల్ని కళ్ళతో పట్టుకుని తన చేతుల్లోకి తెచ్చుకుంటోంది. తిరగాల్సిన దెబ్బ వచ్చింది. ఆంపారో ఎడమకు తిరిగింది. నెరేయా కుడికి తిరిగింది. ఎదురెదురుగా ఉన్నారు కదా, ఇద్దరూ కలిసి ఒకే గోడవైపు తిరిగారు.

ఎక్కడా తేడా లేదు. ఇన్నేళ్ళు తప్పు వైపు తిరిగానని కుమిలిన మనిషి, ఎదురుగా ఒకరుంటే తను తిరిగేదే సరైన వైపని అప్పుడు చూసింది. తను ఎప్పుడూ తల్లికి ఎదురుగానే తిరుగుతూ వచ్చింది. అవతల తల్లి లేదు, అంతే.

"ఆగు," అంది ఆంపారో. "చేతులట్టే ఉంచు. మళ్ళీ మొదట్నుంచి ఆడు. నేను వెనక్కొస్తా."

"వెనక్కెందుకు టీచర్‌గారూ?"

"నీకెందుకు? ఆడు."

ఆమె నెరేయా వెనక్కు వెళ్ళింది. ఒక మోకాలు, తరవాత రెండో మోకాలు, పళ్ళు బిగబట్టుకుని నేలకు ఆనించింది. డాక్టరు చూస్తే చంపేసేవాడే. తోక అంచు రెండు చేతులతో పట్టుకుంది. నలభై ఏళ్ళకింద కుంపటి దగ్గర ఏడేళ్ళ త్రిని నిలబడ్డచోట ఇప్పుడు పెద్దది ఉంది. నెరేయా తిరిగింది. ఆంపారో కళ్ళముందే కుడిమడమ లోపలికి మళ్ళి, పిక్కతో బట్టను కొట్టింది. తోక చేతుల్లోంచి లేచి, గాలిలో తిరిగి, చప్పుడు లేకుండా నేలమీద పరుచుకుంది.

ఇంతేనా, అనుకుంది ఆంపారో. ఇంత చిన్నదా. దీనికోసమా నేను దేశాలన్నీ తిరిగి, తోక అక్కర్లేదని అందరికీ అబద్ధం చెప్పింది. దీన్ని అడగడానికి ఒక్క ఉత్తరమన్నా రాయలేకపోయానా. ఆమె అలాగే మోకాళ్ళమీద కూర్చుని, ఆ మాసిన బట్టను మొహానికి అదుముకుని ఏడ్చింది. నెరేయా వెనక్కు తిరిగి చూడలేదు. చూడకూడదని ఆ పిల్లకు తెలిసింది. అనిసెతో పాట ఆపలేదు గాని, మాటలు మర్చిపోయి ఉత్త రాగమే తీశాడు.

ఆమెను లేపడానికి ఇద్దరూ పట్టుకోవలసొచ్చింది.

"మీ అమ్మ కూడా ఆట అయ్యాక ఇంత బరువుండేది కాదు," అన్నాడు అనిసెతో ఆయాసపడుతూ.

"నువ్వు మా అమ్మని మోశావా ఎప్పుడన్నా?"

ఆయన కిందపడ్డ టోపీ తీసి దులుపుకున్నాడు. గోడ గడియారం ఏడు కావడానికి పదినిమిషాలు చూపిస్తోంది. నెరేయా దానివంక చూసి, ఆంపారో వంక చూసి, పెదవి కొరుక్కుంది.

"నేను ఫోన్ చెయ్యాలి టీచర్‌గారూ. ఆవిడ ఏడింటికి పని దిగి, ఫ్యాక్టరీ పక్క బార్లో నా ఫోన్ కోసం కూర్చుంటుంది. రోజూ చేస్తాను. చెయ్యకపోతే కంగారుపడుతుంది."

ముగ్గురూ మెట్లు దిగి కింద బార్‌లోకి వెళ్ళారు. ఫిబ్రవరి సాయంత్రం. కౌంటర్ మీద ముళ్ళాకు కూర పళ్ళాలు పొగలు కక్కుతున్నాయి. కిటికీ దగ్గర నలుగురు డామినోలు ఆడుతున్నారు. అనిసెతో చేతికర్ర కౌంటర్ అంచుకు తగిలించి వైన్ చెప్పాడు. నెరేయా కౌంటర్ మీది ఫోన్లో చిల్లర వేసి నంబరు తిప్పింది. అవతల ఎవరో ఎత్తారు, ఎవరినో పిలిచారు.

"నేనే... ఆఁ, తిన్నాను... చలిగా లేదు... లేదు, ఇక్కడ ఒకరున్నారు." అని, ఇంకేం చెప్పాలో తెలియక, రిసీవర్ ఆంపారో చేతిలో పెట్టేసింది.

ఆంపారో చెవికి ఆనించుకుంది. దూరంగా కప్పుల చప్పుడు, సముద్రపు ఊరి మనుషుల గోల. "ఎవరు?" అంది ఒక ఆడగొంతు. "నెరేయా? ఎవరే అక్కడ?" వయసు మీదపడ్డ గొంతు. కానీ చివరి మాట కాస్త లాగి పలకడం అలాగే ఉంది. ఆంపారో నోరు తెరిచింది. ముప్ఫై ఒక్కేళ్ళు రోజూ అద్దం ముందు చెప్పుకున్న మాటలు ఒక్కటీ నోటికి అందలేదు.

అవతల పెట్టేస్తారేమోనని భయమేసింది. అప్పుడామె చెయ్యి దానంతటదే లేచింది. మెటికలతో కౌంటర్ మీద కొట్టింది. సొలెయాలో ఆడేది ఆగి, పాడేవాణ్ణి ఇప్పుడు రా అని పిలిచే దెబ్బలుంటాయి. వాళ్ళమ్మ పిలుపు అది. ఆ లోగిలి దాటి ఎవరికీ తెలియని పిలుపు. మూడో దెబ్బ బలంగా, ఆరో దెబ్బ బలంగా, ఏడు దగ్గర ఆగింది.

డామినోలు ఆడేవాళ్ళు తలెత్తి చూశారు. బార్ అంతా సద్దుమణిగింది. ఫోన్లో ఆ కప్పుల చప్పుడే వినపడుతోంది.

తరవాత అవతల, చెక్కమీద, మెటికల చప్పుడు. ఎనిమిది. తొమ్మిది. పది. పది దగ్గర ముగిసింది. తాళం పన్నెండు దెబ్బలదే అయినా, సొలెయా ముగియాల్సింది అక్కడే.

"అక్కా," అంది త్రిని.

"తోకేదే?" అంది ఆంపారో. ఇన్నేళ్ళకు చెల్లెలితో అన్న మొదటి మాట అదే.

"ఉంది. ఉప్పుగాలికి రంగుపోయింది."

"తీసుకురా. నేను కుడతాను. ఆ పావడా కూడా ఉంది. నేను కుడతానే, త్రినీ. కత్తిరించిన చేతుల్తోనే కుడతాను. వచ్చెయ్."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "ఇప్పుడా నీకు చెప్పింది?"

"ఎవరు చెప్పింది?"

"అనిసెతో బాబాయ్. ఇన్నాళ్ళకన్నా చెప్పాడు కాబట్టేగా నువ్వు రమ్మంటున్నావు?"

"ఏం చెప్పాలే?"

త్రిని గొంతు మారిపోయింది.

"చెప్పలేదా? తొమ్మిదోనాడు ఆడమన్నది అమ్మే కదక్కా. పోయే ముందురోజు బాబాయ్‌ని పిలిచి చెప్పింది. 'తొమ్మిదోనాడు పిల్లలిద్దరినీ వాకిట్లో ఆడించు, పెద్దదాన్ని ముందు, చిన్నదాన్ని వెనక నిలబెట్టు, నా ఆట రెండు ముక్కలవకూడదు' అంది. 'మీ అక్కతో చెప్పాను, చర్చినుంచి రాగానే తనూ వచ్చి నిలబడుతుంది, నువ్వు మొదలుపెట్టు' అన్నాడు బాబాయ్ నాతో. నువ్వొస్తావనే మొదలుపెట్టానక్కా. నువ్వు కత్తెరతో వచ్చావు."

ఆంపారోకు వీధి తలుపు దగ్గర టోపీ పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డ మనిషి కళ్ళముందు కనిపించాడు. ఆ రోజు ఆయన నోరు విప్పి అమ్మ మాట చెప్పుంటే చాలేది. తరవాత ఇరవై ఏళ్ళకు పైగా, ఏ ఊళ్ళో ఏ వేదిక మీదైనా, ఆయన గొంతు ఆమె వెనకే ఉంది. మంచివాడనుకుంది. తండ్రిలాంటివాడనుకుంది.

"బాబాయ్," అని వెనక్కు తిరిగింది.

కౌంటర్ మీద వైన్ గ్లాసు నిండుగా అలాగే ఉంది. దాని పక్కన చేతికర్ర అలాగే వేలాడుతోంది. వీధి తలుపు మాత్రం ఇంకా ఊగుతోంది.